గుర్రం వీపుపై మనకున్న హక్కు ఎంతవరకు?

గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను అల్లాహ్ ఎందుకు సృష్టించాడో దివ్యఖుర్ఆన్ నహ్ల్ సూరా 8వ ఆయతు తెలుపుతోంది. మనం వాటిపై స్వారీ చేయాలని, అవి మనకు శోభగా ఉండాలని ఆయన వాటిని సృష్టించాడు. కనుక గుర్రాన్ని బండికి కట్టడమే పాపమని ఎవరైనా అంటే ఆ మాట షరీఅత్‌కు అనుగుణమైనది కాదు. అల్లాహ్ ధర్మసమ్మతం చేసినదాన్ని నిషిద్ధమని చెప్పే అధికారం మనకు లేదు.

అయితే దానికి ముందున్న 7వ ఆయతును కూడా కలిపి చదవాలి. పశువులు మన బరువులను ఎక్కడికి మోసుకుపోతాయని అక్కడ ఉంది? ఎంతో ప్రయాస పడితే తప్ప మనంతట మనం చేరుకోలేని ప్రదేశాలకు. ఆ వెంటనే మన ప్రభువు కనికరం గలవాడని, కరుణామయుడని ప్రస్తావన వస్తుంది. మనిషికి ఒక అవసరం ఉంది. దాన్ని తీర్చడానికి ఒక జీవిని అల్లాహ్ అతనికి లోబరిచాడు. ఈ ఏర్పాటు మొత్తం ఆయన కారుణ్యం నీడలో ఉంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పిపోయినా మన హక్కు ఎంతవరకో మళ్ళీ ఆలోచించుకోవలసిందే.

ఇప్పుడు మన పట్టణాల సంగతి చూద్దాం. ఆటోలు, సిటీ బస్సులు రాక మునుపు రైలు స్టేషను బయట జట్కా బండ్లు బారులు తీరి ఉండేవి. హైదరాబాదులో టాంగా అనేవారు. జట్కా తోలి పిల్లల్ని పెంచిన పెద్దలు మన కుటుంబాల్లోనే ఎందరో ఉన్నారు. ఆ బండి ఎక్కినవారికి సామాను ఉండేది, ముసలివారు ఉండేవారు, నడవలేనంత దూరం ఉండేది. అది నిజమైన అవసరం. నేడు ఆ పని ఆటో చేస్తోంది. పట్టణంలో గుర్రం ఎక్కువగా కనిపించేది పెండ్లి బరాత్‌లో, లేదంటే పార్కు దగ్గరో సముద్ర తీరంలోనో సరదా సవారీలో. అవసరం పోయింది, ఆడంబరం మిగిలింది. ఆ బగ్గీని బుక్ చేసేవారిలో మనవాళ్ళూ తక్కువేమీ లేరు. అందుకే ఈ విషయాన్ని కాస్త వివరంగా చర్చించుకోవలసి వస్తోంది.

మూడు రకాల గుర్రాలు

బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న ఒక ప్రసిద్ధ హదీసులో దైవప్రవక్త (స) గుర్రాలను వాటి యజమానుల సంకల్పాన్ని బట్టి మూడు రకాలుగా విభజించారు. ఒకడికి గుర్రం పుణ్యఫలం. మరొకడికి అది ఆచ్ఛాదన, అంటే ఇతరుల ముందు చేయి చాచకుండా తన గౌరవాన్ని నిలుపుకునే సాధనం. అతడు దానిపై అల్లాహ్‌కు ఉన్న హక్కును మరువడు. మూడోవాడు దాన్ని గర్వం కోసం, ప్రదర్శన కోసం, ముస్లింల పట్ల వైరంతో ఉంచుకుంటాడు. అతడికి అది పాపభారం.

జట్కా తోలి బతికిన వ్యక్తి రెండో కోవలోకి వస్తాడని ఆశించవచ్చు. మరి అలంకరించిన తెల్ల గుర్రాలపై దుల్హాను ఎక్కించి, వీధంతా దారి మూసి, బంధువులు చూసి అబ్బురపడాలని ఊరేగించేవారు ఏ కోవలోకి వస్తారు? ఫత్వా ఇవ్వడం నా పని కాదు. కానీ ఈ హదీసు తెలిసినవారు ఈ ప్రశ్నను తప్పించుకోలేరు.

అబూదావూద్‌లో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన మరో హదీసు ఉంది. జంతువుల వీపులను మింబర్లుగా చేసుకోవద్దని, మీరు కష్టపడితే తప్ప చేరలేని ఊళ్ళకు చేర్చడానికే అల్లాహ్ వాటిని మీకు లోబరిచాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఇక్కడ ఒక సందేహం రావచ్చు. అరఫాత్ మైదానంలో ఆయన (స) స్వయంగా ఒంటెపై ఉండి ప్రసంగించారు కదా? ధర్మవేత్తలు దీన్ని ఇలా సమన్వయం చేశారు: అవసరం ఉంటే జంతువు వీపుపై ఉండి మాట్లాడటం సమ్మతమే. ఏ అవసరమూ లేకుండా దాన్ని నిలబెట్టి, ఆసనంలా వాడుకుంటూ గంటల తరబడి కూర్చోవడమే వారించబడింది. బరాత్ గుర్రం గురించి ఇంతకంటే సూటిగా చెప్పే మాట ఇంకేం కావాలి? ఫర్లాంగు దూరాన్ని రెండు గంటల్లో దాటే ఊరేగింపులో ఆ గుర్రం నడిచే సమయం కంటే బరువుతో నిలబడే సమయమే ఎక్కువ.

మూగజీవి ఫిర్యాదు

మదీనాలో ఒక అన్సారీ తోటలోకి దైవప్రవక్త (స) వెళ్ళినప్పుడు అక్కడి ఒంటె ఆయన్ని చూసి మూలిగింది, కన్నీరు కార్చింది. ఆయన దగ్గరకు వెళ్ళి దాని తల నిమిరారు. ఆ తర్వాత యజమాని ఎవరని అడిగి, ఇది నా సొత్తు కదా అన్న మాటకు తావివ్వకుండా, అల్లాహ్ నీకు యాజమాన్యం ఇచ్చిన ఈ జీవి విషయంలో అల్లాహ్‌కు భయపడవా అని నిలదీశారు. నువ్వు దాన్ని ఆకలికి మాడుస్తున్నావని, అలుపు తీరనివ్వకుండా పని చేయిస్తున్నావని అది నాకు ఫిర్యాదు చేసిందని చెప్పారు (అబూదావూద్). ఫిర్యాదులో ఉన్నవి రెండే విషయాలు, తిండి, అలసట. మన కాలపు బండి గుర్రం గురించి విచారించేటప్పుడు కూడా మొదట చూడవలసినవి ఇవే.

తిండి సంగతి చాలామందికి తెలియదు. గుర్రం కడుపు దాని దేహంతో పోలిస్తే చిన్నది. రోజులో ఎక్కువ భాగం కొంచెం కొంచెంగా గడ్డి మేస్తూ ఉండేలా అల్లాహ్ దాన్ని సృష్టించాడు. పగలంతా కళ్ళెం తగిలించి ఉంచి, రాత్రి ఒక్కసారే ఉలవలో శనగలో కడుపు నిండా పెడితే దానికి శూల వస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు. అందువల్ల మనిషికి పూట గడిస్తే తగ్గిపోయే కడుపునొప్పి దాని ప్రాణం తీయగలదు. ఎండలో పనిచేసే గుర్రం రోజుకు ముప్పై లీటర్లకు పైగానే నీరు తాగుతుంది. పట్టణంలో బండివాడికి అన్ని నీళ్ళు ఎవరిస్తారు?

ఇక అలసట. గుర్రం నిలబడి కునుకు తీయగలదు, నిజమే. కానీ గాఢనిద్రకు అది పడుకోవాలి. మెడ తాడు పొట్టిగా కట్టి ఇరుకు సందులో నిలబెడితే ఆ నిద్ర దానికి దొరకదు. వేసవి మధ్యాహ్నం మన పట్టణాల్లో తారు రోడ్డు వేడి అరవై డిగ్రీలు దాటడం అరుదు కాదు. గట్టి రోడ్డుపై పడే ప్రతి అడుగు దెబ్బా గిట్ట నుంచి కీలు దాకా తగులుతుంది. లాడాలను కూడా ఆరేడు వారాలకు ఒకసారి ఊడదీసి, గిట్ట చెక్కి, మళ్ళీ కొట్టాలి. ఆ ఖర్చుకు వెనుకాడే యజమాని గుర్రం కుంటుతూనే బండి లాగుతుంది.

పెండ్లిళ్ళు రాత్రిపూటే కదా, ఎండ ఎక్కడిదని కొందరు అంటారు. ఎండ ఉండదు, చప్పుడు ఉంటుంది. గుర్రం భయపడితే పరుగెత్తి ప్రాణం దక్కించుకునే జంతువు. మనిషి చెవికి అందని హెచ్చు ధ్వనులు కూడా దానికి వినిపిస్తాయి. బ్యాండు, డీజే, టపాకాయలు, జనరేటరు, వీటన్నిటి నడుమ పారిపోయే వీలు లేకుండా కట్టివేస్తే దాని స్థితి ఏమిటో ఊహించండి. అది బెదిరి జనంలోకి దూకితే పిల్లల ప్రాణాలకూ ముప్పే. దాన్ని అదుపు చేయడానికి కొందరు లోపల ముళ్ళున్న కళ్ళెం వాడతారు. పూలమాలల కింద నోటిలో కారే రక్తం ఫోటోలో కనిపించదు.

అద్దెకు తీసుకున్నవాడి బాధ్యత

గుర్రం మాది కాదు, డబ్బు ఇచ్చాం, మంచీ చెడూ యజమాని చూసుకుంటాడు అనే మాట తరచూ వినిపిస్తుంది. మన ఫిఖ్హ్ ఈ సాకును అంగీకరించదు. హనఫీ ఫిఖ్హ్ గ్రంథం హిదాయాలో అద్దె వ్యవహారాల అధ్యాయంలో ఈ చర్చ ఉంది. ఒకడు పది బస్తాల గోధుమలు మోయడానికి జంతువును అద్దెకు తీసుకుని పన్నెండు వేశాడు, అది చనిపోయింది అనుకుందాం. పన్నెండు బస్తాలు మోసే శక్తి దానికి ఉంటే, అదనంగా వేసిన రెండు బస్తాల నిష్పత్తిలో దాని విలువను అతడు చెల్లించాలి. అసలు అంత మోసే శక్తే దానికి లేకపోతే పూర్తి విలువ చెల్లించాలి. కళ్ళెం బలంగా లాగడం వల్లనో కొట్టడం వల్లనో అది చనిపోతే అద్దెదారుడే బాధ్యుడని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. వాడుకలో ఉన్న మేరకు చేసి ఉంటే బాధ్యత లేదని ఆయన ఇద్దరు శిష్యులు అన్నారు. వాడుక మేరకు అన్న షరతును గమనించండి. నలుగురి బగ్గీలోకి తొమ్మిదిమంది పిల్లల్ని ఎక్కించడం ఆ షరతులోకి రాదు.

ఇది వ్యక్తుల మనస్సాక్షికి మాత్రమే వదిలేసిన విషయం కూడా కాదు. ఒంటెపై మోయలేనంత బరువు వేసిన వ్యక్తిని హజ్రత్ ఉమర్ (రజి) దండించినట్లు ఉల్లేఖనం ఉంది. ఈజిప్టులో ఒంటెలపై వెయ్యి రతళ్ళ బరువు వేస్తున్నారని తెలిసి, ఆరు వందలకు మించకూడదని ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) అక్కడి అధికారికి ఉత్తరం రాశారు. బజారు తనిఖీ చేసే ముహ్తసిబ్ ఇలాంటి యజమానులను అడ్డుకోవాలని ఇమామ్ మావర్దీ రాశారు.

అదే ఈజిప్టులో తర్వాత జరిగింది చెబితే బాధ కలుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం తన గుర్రాలను కైరోలో అమ్మేసింది. అవి వీధుల్లో ఎముకల గూళ్ళై బండ్లు లాగుతుంటే 1930లో అక్కడికి వచ్చిన డొరోతీ బ్రూక్ అనే ఆంగ్ల వనిత చందాలు పోగుచేసి, వేల గుర్రాలను కొని విముక్తి కలిగించింది. 1934లో అక్కడ ఉచిత పశువైద్యశాల పెట్టింది. అమ్మినది ఆమె జాతి సైన్యమే అయినా, తోలినవారు మనవారే. వారికి హదీసు తెలియక కాదు, పేదరికం వారిని అలా చేసింది.

మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 1965లో వచ్చిన నియమాలు ఉన్నాయి. బండికి కట్టిన జంతువు చేత రోజుకు తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా వరుసగా ఐదు గంటలకు మించి పని చేయించరాదు. వేడి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు బండి కట్టరాదు. ముళ్ళ కళ్ళెం నిషిద్ధం. తోలేవాడు, ఆరేళ్ళలోపు పిల్లలు కాక నలుగురికి మించి ఎక్కరాదు. షరీఅత్ స్ఫూర్తికి ఇంత దగ్గరగా ఉన్న చట్టాన్ని ఉల్లంఘించి బరాత్ తీయడం ముస్లింకు శోభిస్తుందా?

బండివాడి సంగతి

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. అందరూ బగ్గీలు మానేస్తే వాటిపై బతికేవారి గతేమిటి? ముంబయి అనుభవం ఉపయోగపడుతుంది. అక్కడ విక్టోరియా బండ్లలో సరదా సవారీలు చట్టవిరుద్ధమని 2015 జూన్‌లో బొంబాయి హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఏడాదిలో వాటిని నిలిపివేయాలని, వాటిపై ఆధారపడ్డ కుటుంబాలకు పునరావాసం కల్పించాలని కూడా ఆదేశించింది. 2021 మార్చిలో అక్కడ గుర్రం లేని బ్యాటరీ విక్టోరియాలు ప్రారంభమయ్యాయి. తీర్పుకూ ఆ బండ్లకూ మధ్య దాదాపు ఆరేళ్ళు గడిచాయి. గుర్రంపై జాలిపడి, దాన్ని మేపేవాడి పిల్లల్ని మరవడం సగం కరుణే. పెండ్లి ఖర్చులో బగ్గీకి పెట్టే సొమ్మును మిగిల్చినవారు, తమ మొహల్లాలో గుర్రాన్ని వదిలి ఆటో కొనుక్కోవాలనుకునే వ్యక్తికి వడ్డీ లేని అప్పుగా ఇవ్వవచ్చు. మస్జిదు కమిటీలు తలచుకుంటే ఇది పెద్ద పనేమీ కాదు.

తప్పనిసరి అవసరం ఉండి గుర్రపు బండి మాట్లాడేవారు బేరం ఆడే ముందు గుర్రం చుట్టూ ఒకసారి తిరిగి చూడాలి. మెడ పట్టీ కింద, కడుపు పట్టీ కింద పుండ్లు ఉన్నాయా? కాలు ఎత్తి దించడంలో తేడా ఉందా? పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయా? ఆ రోజు అది అప్పటికే ఎన్ని గంటలు తిరిగిందో అడగాలి. జవాబు నచ్చకపోతే ఆ బండిని వదిలేయాలి. పుండు చూసి కూడా అద్దె తగ్గించమని బేరమాడేవారు ఉంటారు, వారిది మరీ దారుణం. సహాబీలు ప్రయాణంలో మజిలీ చేరగానే ఒంటెల మీది సామాను దించాకే నమాజుకు నిలబడేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు (అబూదావూద్). మనం దిగగానే బండివాడికి గుర్రాన్ని విప్పి నీళ్ళు పెట్టుకునే వ్యవధి ఇవ్వడం దీని ప్రకారమే.

చివరగా ముసలి గుర్రం విషయం. పని చేయలేని గుర్రాన్ని రాత్రికి రాత్రి ఊరి బయట వదిలేసే దురలవాటు కొన్నిచోట్ల ఉంది. జంతువుల హక్కులను ఏకరువు పెడుతూ ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (మరణం హి.శ. 660) రాసినవాటిలో మొదటిది దాని పోషణ ఖర్చే. ముసలితనం వల్లనో రోగం వల్లనో అది ఇక ఎందుకూ పనికిరాకుండా పోయినా సరే ఆ ఖర్చు యజమానిపై ఉంటుందని ఆయన స్పష్టం చేశారు. వాడుకున్నంత కాలం వాడుకుని వదిలేసినవాడిపై ఆ బాకీ అలాగే నిలిచి ఉంటుంది.