నూగు కోటు – దాని నిజమైన వెల

పక్షులకును మృగములకును ప్రకృతియే వస్త్రము నొసగినది. మానవుడు మాత్రము తన వస్త్రమును తానే సమకూర్చుకొనవలసి యున్నది. అందుకై అతడు చెట్టునుండి ప్రత్తిని, గొఱ్ఱెనుండి ఉన్నిని, పట్టుపురుగునుండి దారమును, భూగర్భమున దొరకు ముడిచమురునుండి నైలానును గ్రహించుచున్నాడు. ఇట్లు గ్రహించునప్పుడు మనకు కలుగు లాభమెంత, ప్రకృతికి కలుగు నష్టమెంత యని తూచి చూచుకొనుట వివేకవంతుల లక్షణము. ఆ తూకము నెట్లు వేయవలెనో ఒక్క వస్త్రము నుదాహరణముగా గైకొని తెలిసికొందము. ఆ వస్త్రము మంచుకొండల నెక్కువారు ధరించు నూగు కోటు.

2014వ సంవత్సరము మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరము నధిరోహించెను. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు నిండలేదు. ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమార్ ఆమెతో కూడ శిఖరమును చేరెను. అప్పుడు ఇరువురును మీవంటి విద్యార్థులే. ఆ శిఖరము ఎత్తు 8,849 మీటర్లు. అచట నీరు గడ్డకట్టు స్థితికంటె ఎంతో దిగువ చలి యుండును. గాలి కత్తివలె కోయును. అట్టి ఎత్తులలో మానవుని ప్రాణమును నిలుపు దుస్తులలో ముఖ్యమైనవి పక్షుల నూగుతో నింపినవి.

నూగు అనగా నేమి? బాతుల రొమ్మున పైకి కనబడు ఈకల క్రింద మఱియొక మెత్తని పొర యుండును. ఈకకు నడుమ గట్టి కాడ యుండును. నూగునకు అట్టి కాడ యుండదు. ఒక చిన్న బిందువునుండి సన్నని పోగులు అన్ని దిక్కులకును వ్యాపించి యుండును. బూరుగుకాయ పగిలినప్పుడు గాలిలో తేలిపోవు దూదిని మీరు చూచియుందురు. నూగు చూపునకు ఇంచుమించు అట్లే యుండును. నూగు తానై వేడిని పుట్టింపదు. దాని పోగుల నడుమ గాలి కదలక చిక్కుకొని యుండును. కదలని గాలి ఉష్ణమును సులభముగా ప్రసరింపనీయదు. కావున శరీరములోని వేడి శరీరముననే నిలుచును. మేలైన నూగు ఒక ఔన్సు, అనగా సుమారు 28 గ్రాములు, 800 ఘనపుటంగుళముల చోటు నాక్రమించును. అది 13 లీటర్లకు, అనగా ఒక బిందెడు చోటుకు సమానము. ఇంత తేలికగా నుండి ఇంత వెచ్చదనము నిచ్చు వస్తువులు లోకమున అరుదు.

ఈ గుణమును పర్వతారోహణమున మొదట వినియోగించిన వారిలో జార్జి ఫించ్ ముఖ్యుడు. ఆయన ఆస్ట్రేలియాలో జన్మించిన రసాయన శాస్త్రజ్ఞుడు. 1922లో బ్రిటిషువారు ఎవరెస్టు నెక్కబూనినప్పుడు, ఆయన బెలూన్లకు వాడు గుడ్డతో కుట్టించి, ఈడర్ అను జాతి బాతుల నూగుతో నింపించిన కోటును తొడిగికొని వచ్చెను. తోడివారు మొదట దానిని చూచి పరిహసించిరి. చలి ముదిరిన పిదప ఆ కోటు విలువ వారికి తెలిసివచ్చెను. ఆ యాత్రలో ఫించ్ సుమారు 8,300 మీటర్ల ఎత్తు వఱకు పోగలిగెను. ఈయనయే 1952 నుండి 1957 వఱకు మన దేశమున పుణె నగరమందలి జాతీయ రసాయన ప్రయోగశాలకు డైరెక్టరుగా నుండెను. 1936లో అమెరికాలోని సియాటిల్ నగర వర్తకుడు ఎడ్డీ బావర్, నూగు ఒక్కచోటికి జారిపోకుండ అడ్డకుట్లు వేసి అఱలుగా విభజించిన కోటును చేసి అమ్మసాగెను. 1940లో దానికి పేటెంటు పొందెను. ఒకప్పుడు కొండలెక్కువారికే పరిమితమైన ఈ కోటు నేడు చలిదేశముల వీథులలో సామాన్య వస్త్రమైనది. చదువులకును ఉద్యోగములకును అమెరికా, కెనడాలకు వెళ్లిన తెలుగువారు పలువురు మొదటి చలికాలముననే దీనిని కొనుచున్నారు.

దుకాణమున కోటుకు కట్టిన చీటిపై ధర వ్రాసియుండును. అది వర్తకునికి మనము చెల్లించు వెల. పక్షి చెల్లించిన వెల, నీరు చెల్లించిన వెల, గాలి చెల్లించిన వెల ఆ చీటిపై కానరావు. వానిని తెలిసికొనుటకు నాలుగు ప్రశ్నలు వేయవలెను. నూగు ఎట్లు లభించినది? పైగుడ్డ దేనితో నేయబడినది? తడి అంటకుండ ఆ గుడ్డకు పట్టించిన దేమి? కోటు ఎన్నేండ్లు ఉపయోగపడును?

మొదటి ప్రశ్నకు మంచి సమాధానము చెప్పగలవారు ఐస్లాండు దేశపు రైతులు. అచట ఈడర్ బాతులు సముద్రతీరమున గూళ్లు కట్టుకొనును. తల్లిబాతు తన రొమ్ముమీది నూగును తానే పెఱికి గూటిలో పఱచి గ్రుడ్లను వెచ్చగా నుంచును. రైతులు ఆ నూగును గూళ్లనుండి యేరుకొందురు. దానికి ప్రతిగా నక్కలు మొదలగు శత్రువులు రాకుండ ఆ పక్షులకు కావలి కాయుదురు. పక్షి స్వేచ్ఛకు భంగము లేదు. ప్రాణమునకు హాని లేదు. కాని ఒక కిలోగ్రాము నూగునకు సుమారు 60 గూళ్లు కావలెను. లోకమంతటను ఏటేట లభించు ఈడర్ నూగు కొలది టన్నులు మాత్రమే. కావున ఈ పద్ధతి ఎంత ఉత్తమమైనను అందఱి అవసరమును తీర్పజాలదు.

అంగళ్లలో దొరకు కోట్లలోని నూగు ఇంచుమించుగా అంతయు మాంసమునకై పెంచు బాతులనుండియు పెద్దబాతులనుండియు వచ్చినదే. చైనా దేశము అందు అగ్రస్థానమున నున్నది. పక్షిని చంపిన పిదప నూగును తీయుట సాధారణ పద్ధతి. అయితే కొన్నిచోట్ల బ్రదికియున్న పక్షులనుండియే నూగును పెఱికెడి క్రూరమైన ఆచారము బయటపడినది. మఱికొన్నిచోట్ల పెద్దబాతుల కాలేయము బాగుగ పెరుగుటకై గొట్టముతో బలవంతముగా మేతను గొంతులో క్రుక్కుదురు. అట్టి పక్షుల నూగు కూడ అంగడికి చేరుచుండెను. ప్రజలు ఈ విషయమును తెలిసికొని నిరసింపగా, 2014లో ‘రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్’ అను నియమావళి వెలువడినది. పై రెండు దుష్కార్యములను అది నిషేధించుచున్నది. కొనువాడును అమ్మువాడును గాని మూడవవారు వచ్చి పరీక్షింపవలెనని విధించుచున్నది.

ఇచట ఒక ధర్మసందేహము కలుగును. పక్షిని పెంచినది మాంసమునకై గదా! ఆ పక్షి తిన్న గింజలకును, త్రాగిన నీటికిని, దాని రెట్టవలన చెడిన చెఱువునకును కోటు ఎంతవఱకు బాధ్యత వహింపవలెను? మాంసమునకు అనుబంధముగా దొరకినది కావున నూగునకు బాధ్యతయే లేదని కొందఱందురు. ఆ వాదము పూర్తిగా సరికాదు. నూగును అమ్ముటవలన పెంపకందారునకు ఆదాయము వచ్చుచున్నప్పుడు ఆ ఆదాయమునకు తగిన పాలు బాధ్యత కూడ నూగునకు చెందును. పక్షివలన వచ్చు మొత్తము ధనములో సాధారణముగా నూగు పాలు స్వల్పము. కావున బాధ్యతయు స్వల్పమే. కాని శూన్యము కాదు.

రెండవ ప్రశ్న పైగుడ్డను గూర్చినది. నూగును సహజ వస్తువని మెచ్చుకొనువారు దానిని పొదిగిన గుడ్డను మఱతురు. ఆ గుడ్డ చాలవఱకు నైలాను గాని పాలియెస్టరు గాని యై యుండును. రెండును ముడిచమురునుండి పుట్టినవే. 1935లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థయందు వాలెస్ కరోథర్స్ అను శాస్త్రజ్ఞుడు నైలానును కనిపెట్టెను. నైలానులో ఒక ముఖ్యరకమునకు కావలసిన ఆమ్లమును తయారుచేయునప్పుడు నైట్రస్ ఆక్సైడు అను వాయువు వెలువడును. సమాన పరిమాణమున బొగ్గుపులుసు వాయువుతో పోల్చి చూచినచో, నూఱేండ్ల కాలములో అది భూమిని సుమారు 270 రెట్లు అధికముగా వేడెక్కించును. ఆ వాయువును బయటికి పోనీయక నశింపజేయు యంత్రములు కలవు. వానిని అమర్చుకొన్న కర్మాగారములును కలవు. పాత గుడ్డలను కరిగించి తిరిగి నూలు తీయు పద్ధతియు వచ్చినది.

మూడవ ప్రశ్న మిక్కిలి గంభీరమైనది. నూగు తడిసెనా, పోగులన్నియు అంటుకొని గాలికి చోటుండదు, వెచ్చదనము నశించును. అందుచేత పైగుడ్డమీద నీరు నిలువకుండ జారిపోవుటకై ఫ్లోరిను కలిసిన రసాయనములను చిరకాలముగా పట్టించుచుండిరి. వానిలోని కర్బన–ఫ్లోరిను బంధము మిక్కిలి దృఢమైనది. ఎండకు, వానకు, సూక్ష్మజీవులకు లొంగదు. ఈ కారణముననే వానికి ‘నిత్య రసాయనములు’ అను పేరు కలిగినది. ఈ కుటుంబములోని పి.ఎఫ్.ఓ.ఎస్. అనుదానిని 2009లోను, పి.ఎఫ్.ఓ.ఏ. అనుదానిని 2019లోను స్టాక్‌హోం ఒడంబడిక క్రింద ప్రపంచదేశములు కట్టుదిట్టము చేసినవి. పి.ఎఫ్.ఓ.ఏ. మానవులకు క్యాన్సరు కలిగించునని 2023లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించినది. ఫ్లోరిను లేని పూతలతో కోట్లు చేయువారు నేడు పలువురు కలరు.

ఈ రసాయనములు ఎంత దూరము పోగలవు? 2019లో ఎవరెస్టునకు వెళ్లిన శాస్త్రజ్ఞులు అచటి మంచును, సెలయేటి నీటిని తెచ్చి పరీక్షించిరి. 8,440 మీటర్ల ఎత్తున దొరకిన మంచులో సైతము కంటికి కానరాని ప్లాస్టిక్కు నలుసులు బయటపడినవి. వానిలో అధికభాగము పాలియెస్టరు పోగులు. అవి ఆరోహకుల దుస్తులనుండియు గుడారములనుండియు రాలియుండునని 2020లో వారు ప్రకటించిరి. ఆ మంచులోనే నిత్య రసాయనములును ఉన్నవని 2021లో మఱియొక పరిశోధన వెల్లడించెను. ఎవరెస్టు పాదమున ఖుంబు హిమానీనదము కరగిన నీరు దూధ్‌కోసి నదిలో కలియును. ఆ నది కోసియై తుదకు గంగను చేరును. శిఖరమునెక్కు ఒక్కని ప్రాణమును కాపాడిన కోటు, దిగువనున్న వారి త్రాగునీటికి కీడు చేయరాదు గదా!

అట్లయిన నూగును మాని పాలియెస్టరు దూదితో నింపిన కోటును కొందమా? దానియందును గుణము లున్నవి. అది తడిసినను కొంత వెచ్చదనమును నిలుపుకొనును. పక్షికి బాధ లేదు. వాడివేసిన సీసాలనుండియు దానిని చేయవచ్చును. లోపములును కలవు. అంతే వెచ్చదనమునకు అది నూగుకంటె బరువైనది, మడతలలో నలిగి త్వరగా పలుచనగును, మట్టిలో కలియదు. నూగు కోటు చక్కగా ఉతికి ఆఱబెట్టుకొన్నచో అనేక సంవత్సరములు మన్నును. పాత పఱుపుల నూగును కడిగి తిరిగి క్రొత్త కోట్లలో నింపు పరిశ్రమయు కలదు. కావున ఎల్లవేళల ఇది మేలు, అది కీడు అని ఒక్క మాటలో తేల్చివేయుట సాధ్యము కాదు. వానలు మెండుగా గల చలిప్రదేశమున ఒకటి, పొడిచలి గల ప్రదేశమున మఱియొకటి తగియుండును.

ఇక నాలుగవ ప్రశ్న మిగిలినది. ఇది కొనువాని చేతిలో నున్నది. ఒక కోటు తయారగుటవలన భూమికి 30 పాళ్ల నష్టము కలిగినదని లెక్కకొఱకు అనుకొందము. దానిని మూడేండ్లు వాడి పాఱవేసినచో ఏటికి 10 పాళ్ల నష్టము. పదునైదేండ్లు వాడినచో ఏటికి 2 పాళ్లే. క్రొత్త నూలు వచ్చినను, క్రొత్త పూత వచ్చినను ఒక్కసారిగా నష్టమును అయిదవ వంతుకు దించుట కష్టము. చినిగినచోట ఒక చిన్న గుడ్డముక్క నతికించి వాడుకొనుట ఆ పనిని సులభముగా చేయును. 2011 నవంబరు 25వ తేదీన పటగోనియా అను అమెరికా వస్త్రసంస్థ న్యూయార్కు టైమ్స్ పత్రికలో ఒక వింత ప్రకటన వేయించినది. తాము చేసిన ఒక చలికోటును చూపి, దానిని కొనవద్దనియు, ఆ ఒక్క కోటునకు 135 లీటర్ల నీరు వ్యయమైనదనియు, కోటు బరువునకు 24 రెట్లు బొగ్గుపులుసు వాయువు వెలువడినదనియు ఆ సంస్థయే చెప్పుకొన్నది. అది నూగు కోటు కాకపోయినను, అవసరము లేనిది కొనవలదన్న హితవు అన్ని కోట్లకును వర్తించును.

గొంగళిలో భోజనము చేయుచు వెండ్రుకల నేరినట్లని మన పెద్దలు సామెత చెప్పుదురు. ఏటేట క్రొత్త కోటు కొనుచు, దాని చీటిపై ‘పర్యావరణ హితము’ అను ముద్ర కొఱకు వెదకువాని ప్రయత్నము అట్టిదే. ముద్రలు నిష్ప్రయోజనములని కాదు. పక్షికి బాధ లేదని చూపు ముద్రయు, ఫ్లోరిను లేదని చూపు ముద్రయు తప్పక చూడదగినవే. కాని అవసరమును గుర్తించుట వానికంటె ముందు చేయవలసిన పని.

పాత చీరలను పొరలుగా పేర్చి బొంత కుట్టిన మన అవ్వలకు ఈ రసాయనముల పేర్లు తెలియవు. అయినను నాలుగవ ప్రశ్నకు వారు చక్కని సమాధానము చెప్పిరి. మన ఎండలలో నూగు కోటు ధరింపవలసిన అవసరము మీలో చాలమందికి రాకపోవచ్చును. అయినను ఈ నాలుగు ప్రశ్నలు మీ చొక్కాకును, చెప్పులకును, పుస్తకముల సంచికిని వర్తించును. ఏ వస్తువైనను ఎచటనుండి వచ్చినది, దేనితో చేయబడినది, దేనిని చెఱచినది, ఎంతకాలము మన్నును అని విచారించి, నిజముగా కావలసినదానినే గ్రహించి, గ్రహించినదానిని తుదివఱకు వాడుకొనుడు.

ప్రశ్నలు

1. నూగు తానై వేడిని పుట్టింపదు. అయినను శరీరమును వెచ్చగా నెట్లుంచును?
2. ఐస్లాండు రైతుల పద్ధతిలోని మేలేమి? అది అందఱికిని చాలకపోవుటకు కారణమేమి?
3. ఎవరెస్టు మంచులో శాస్త్రజ్ఞులు కనుగొన్న దేమి? అది దిగువ ప్రాంతములవారికి ఎట్లు సంబంధించును?
4. మీ యింట ఎక్కువకాలము వాడిన యొక వస్తువును గూర్చి, పాఠములోని నాలుగు ప్రశ్నల ననుసరించి పది వాక్యములు వ్రాయుడు.