చూపించడం వేరు, అందించడం వేరు: ఫంక్షన్లపై ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: పైథాన్ ఫంక్షన్‌లో ప్రింట్ రాసినా, రిటర్న్ రాసినా అదే సంఖ్య కనిపిస్తోంది. మరి రిటర్న్ ఎందుకు?
— బి.ఎస్సీ. విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారిలో చాలామంది తడబడేది ఇక్కడే. ఆదేశం టైపు చేయగానే ఫలితం చూపే షెల్‌లో రెండూ ఒకేలా కనిపించడమే ఈ భ్రమకు మూలం. ప్రింట్ విలువను తెర మీద చూపి ఊరుకుంటుంది. రిటర్న్ ఆ విలువను ఫంక్షన్‌ను పిలిచిన చోటికి చేరవేస్తుంది కనుక, అక్కడ దానిని ఒక వేరియబుల్‌లో ఉంచుకోవచ్చు, మరో లెక్కలో వాడుకోవచ్చు. ధర, తగ్గింపు శాతం అనే రెండు విలువలు తీసుకొని తగ్గింపు పోను ధరను లెక్కించే ఫంక్షన్‌ను 1200, 10 అనే విలువలతో పిలిచామనుకుంటే, దాని చివర ప్రింట్ మాత్రమే ఉన్నప్పుడు తెర మీద 1080.0 కనిపిస్తుంది గాని, ఆ ధరకు 5 శాతం పన్ను కలపబోగానే 'టైప్ ఎర్రర్' వచ్చి ప్రోగ్రాం ఆగిపోతుంది. రిటర్న్ లేని ఫంక్షన్ నుంచి పైథాన్‌లో తిరిగివచ్చేది సంఖ్య కాదు, విలువ ఏదీ లేదని తెలిపే 'నన్'. రిటర్న్ ఉంటే అదే లెక్క సాఫీగా సాగి 1134 వస్తుంది.

లెక్కించే ఫంక్షన్ లెక్కించి ఊరుకోవాలి. విలువలను అడగడం, ఫలితాన్ని చూపడం దాని బయట జరగాలి. ఇది సౌందర్యానికి సంబంధించిన నియమం కాదు. తిరిగివచ్చిన విలువ 1080కి సమానమో కాదో ప్రోగ్రాం చేతనే తేల్పించవచ్చు. తెర మీద అచ్చయిన అంకెను మాత్రం ప్రతిసారీ మనిషి కళ్లతో సరిచూసుకోవలసి ఉంటుంది.

ప్రశ్న: పారామీటర్‌కు, ఆర్గ్యుమెంట్‌కు తేడా ఏమిటి?

జవాబు: ఫంక్షన్‌ను నిర్వచించేటప్పుడు బ్రాకెట్లలో రాసే పేరు పారామీటర్, పిలిచేటప్పుడు దానికి అందించే విలువ ఆర్గ్యుమెంట్.

ప్రశ్న: ఎర్రర్ ఏదీ లేకుండానే తగ్గింపు ధర -110 అని వస్తోంది. కారణమేమిటి?

జవాబు: ఆర్గ్యుమెంట్లు తారుమారై 10 ధరగా, 1200 శాతంగా చేరాయి. పేరు రాయనప్పుడు పైథాన్ విలువలను వరుసక్రమంలోనే పారామీటర్లకు జతచేస్తుంది, వాటి అర్థం దానికి తెలియదు. కనుక పిలిచేటప్పుడు పారామీటర్ పేరు కూడా రాసి విలువ ఇవ్వడం క్షేమం.

ప్రశ్న: 72, 65, 80 మార్కులు కూడితే 72 మాత్రమే వస్తోంది.

జవాబు: రిటర్న్, మార్కులను ఒక్కొక్కటిగా కూడే ఫర్ లూప్ లోపల ఉంది; రిటర్న్ తగలగానే ఫంక్షన్ ముగుస్తుంది కనుక దానిని లూప్ బయటికి జరపాలి.

ప్రశ్న: వేరియబుల్స్ అన్నీ ప్రోగ్రాం మొదట్లోనే రాసుకుంటే ఏ ఫంక్షనైనా వాడుకోగలదు కదా, పారామీటర్లతో పనేముంది?
— పాలిటెక్నిక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఈ అలవాటును ఆదిలోనే మానుకోవాలి. ఎక్కడి నుంచైనా అందుబాటులో ఉండే ఇటువంటి గ్లోబల్ వేరియబుల్స్ చిన్న ప్రోగ్రాంలో సౌకర్యంగానే తోస్తాయి. ప్రోగ్రాం పెరిగి, ఒకే వేరియబుల్‌ను నాలుగు ఫంక్షన్లు మారుస్తున్నప్పుడు మాత్రం తప్పు విలువ ఎక్కడ చొరబడిందో తెలుసుకోవడానికి కోడ్ మొత్తం గాలించవలసి వస్తుంది. కావలసినవన్నీ పారామీటర్ల ద్వారా తీసుకొని ఫలితాన్ని రిటర్న్ ద్వారా అందించే ఫంక్షన్‌లోనైతే తప్పును ఆ కొద్ది లైన్లలోనే వెతకవచ్చు, ఆ ఫంక్షన్‌ను యథాతథంగా మరో ప్రోగ్రాంలోకి తీసుకుపోవచ్చు. 1949లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పని ప్రారంభించిన ఎడ్‌శాక్ కంప్యూటర్ కోసం డేవిడ్ వీలర్, ఆయన సహచరులు నేటి ఫంక్షన్లకు పూర్వరూపాలైన సబ్‌రొటీన్లను పేపర్ టేపుల మీద భద్రపరచి లైబ్రరీగా కూర్చారు. ఒకసారి రాసినది పలుమార్లు, పలువురికి పనికిరావాలన్నదే ఆ శ్రమ ఉద్దేశం.

కనుక అభ్యాసకులు ఇదివరకు రాసిన ప్రోగ్రాం ఒకటి ఎంచుకొని, ఫంక్షన్ల లోపలి ఇన్‌పుట్‌లను, ప్రింట్‌లను బయటికి తెచ్చి, వాటి స్థానంలో పారామీటర్లను, రిటర్న్‌ను ఉంచి తిరగరాయాలి. పది వీడియోలు చూసినా పట్టుబడని విషయం ఆ ఒక్క అభ్యాసంతో పట్టుబడుతుంది.