ఒక్కడి చేతిలో ఆగిపోని ఆట

హామిల్టన్

చిరంజీవి చిన్నాకి,

నీకు మూడో గ్రేడు ఇచ్చారని, జిమ్ క్లాసు కూడా నువ్వే తీసుకోవాలని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "లెక్కలైతే చెప్పేస్తాడు వదినా, వీడికి ఆటలేం వచ్చని?" అని నవ్వింది కూడా. ఒంటారియోలో ఎలిమెంటరీ బళ్ళన్నిటికీ వ్యాయామం టీచర్లు విడిగా ఉండరు. చాలాచోట్ల క్లాసు టీచరే జిమ్ము తలుపు తియ్యాలి. ఈ ఊళ్ళో నేను చేసి రిటైరైన ఉద్యోగమూ అదే కాబట్టి రాస్తున్నాను.

నువ్వు ఆటగాడివి కాకపోవడం లోటేమీ కాదు. బాగా ఆడేవాళ్ళలో చాలామందికి బంతి విసరడం తమకెలా వచ్చిందో గుర్తుండదు. రానివాడి కష్టం నీకు తెలుసు. అది ఈ పనికి పనికొస్తుంది.

2019లో వచ్చిన ఒంటారియో పాఠ్యప్రణాళిక ఒకసారి తిరగెయ్యి. కదలికల్ని అందులో మూడు రకాలుగా చూస్తారు: ఒంటిని నిలదొక్కుకోవడం, చోటు మారడం, వస్తువుని ఆడించడం. చదివితే కొత్తగా అనిపిస్తుంది గానీ మన తొక్కుడుబిళ్ళలో మూడూ ఉన్నాయి. బిళ్ళ గురిచూసి వెయ్యాలి, గీత తొక్కకుండా ఒంటికాలి మీద గెంతాలి, తూలకుండా వంగి బిళ్ళ తియ్యాలి. దానికి అయ్యే ఖర్చు ఒక సుద్దముక్క.

విసరడం నేర్పేటప్పుడు చేతిని కాదు, పాదాల్ని చూడు. కుడిచేత్తో విసిరే పిల్ల కుడికాలే ముందుకు వేస్తుంటే బంతి ఎంతకీ దూరం పోదు. నేలమీద టేపు ముక్క అంటించి ఎడమపాదం దానిమీద వెయ్యమను. ఆ రోజుకి ఆ ఒక్క మాటే చాలు. ఐదు సూచనలు ఒకేసారి చెబితే పిల్ల బిగుసుకుపోతుంది. పట్టుకోవడం రానివాళ్ళకి గట్టి బంతి ఇస్తే ముఖం పక్కకి తిప్పేసుకుంటారు. ముందు బుడగలు, పల్చటి స్కార్ఫులు ఇయ్యి. నెమ్మదిగా దిగుతాయి గనక కళ్ళు వాటి వెంట పోతాయి. ఇక గెంతడం. "మోకాళ్ళు వంచండి" అని అరవక్కర్లేదు. "చప్పుడు కాకుండా దిగండి" అంటే వాళ్ళే వంచుతారు.

జట్టుగా ఆడడం దగ్గరే చాలామంది టీచర్లు తప్పుదారి పడతారు. ఇరవై మందిని రెండుగా చీల్చి, మధ్యలో ఒక బంతి పడేసి, "కలిసి ఆడండి" అంటారు. నలుగురు ఆడతారు, మిగతావాళ్ళు బంతి ఎటుపోతే అటు నడుస్తారు. ఇద్దరు కెప్టెన్లని నిలబెట్టి జట్లు ఏరుకోమనడం అంతకన్నా అన్యాయం. చివరిదాకా నిలబడిపోయే పిల్లవాడు ప్రతిసారీ ఒకడే. ఔటైనవాణ్ణి గోడపక్కన కూర్చోబెట్టే ఆటలూ వద్దు. ముందు ఔటయ్యేది ఆట రానివాడే. ఎవరికి ఎక్కువ సాధన కావాలో వాళ్ళే ఎక్కువసేపు కూర్చుంటారు!

కలిసి ఆడమని చెబితే రాదు నాన్నా. కలవకపోతే ముందుకు సాగని ఆట పెట్టాలి. ఈ కిటుకు ఈ ప్రావిన్సువాడికే తట్టింది. ఆల్మాంట్ దగ్గర పుట్టిన జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో, చలికి లోపల మగ్గలేక గొడవచేస్తున్న 18 మంది కోసం బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. పీచ్ పళ్ళ బుట్టల సంగతి అందరూ చెబుతారు. నాకు నచ్చేది ఆయన రాసిన 13 నియమాల్లో ఒకటి: బంతి పట్టుకున్నవాడు పరిగెత్తకూడదు, ఉన్నచోటి నుంచే విసరాలి. డ్రిబ్లింగు తరవాత వచ్చింది. నువ్వు కూడా డ్రిబ్లింగు తీసేసి ముగ్గురికి ముగ్గుర్ని పెట్టి ఆడించు. బంతి దాచుకోవాలన్నా కుదరదు.

నన్నడిగితే మన ఖోఖో ఇంకా గట్టిది. తరిమేవాడు మధ్యగీత దాటకూడదు, ఒకవైపు అడుగేశాక స్తంభం చుట్టి వస్తే తప్ప వెనక్కి తిరగకూడదు. ఎంత వేగంగలవాడైనా ఒంటరిగా ఏమీ చెయ్యలేడు. కూర్చున్నవాడికి 'ఖో' ఇచ్చి లేపాల్సిందే. అయితే తొమ్మిదేసి మందితో అసలు పద్ధతిలో ఆడిస్తే పరిగెత్తేవాళ్ళు ముగ్గురేసి దిగుతారు, మిగతావాళ్ళు కాచుకోవాలి. నువ్వు రెండు ఆటలు పక్కపక్కన పెట్టు. ఒక్కోదాంట్లో నలుగురు కూర్చుంటారు, ఒకడు తరుముతాడు, ఐదుగురు పరిగెడతారు. స్తంభాల బదులు నారింజరంగు కోన్లు. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచకప్ జరిగింది, మన ఆడవాళ్ళ జట్టూ మగవాళ్ళ జట్టూ రెండూ గెలిచాయి. పిల్లలకి ఆ వీడియో చూపిస్తే ఆట ఎక్కడిదని అడగరు, ఎప్పుడాడదామని అడుగుతారు.

చెడుగుడు మాత్రం జిమ్ములో వద్దు. గట్టి నేలమీద పట్లు పట్టి పడెయ్యడాలు కుదరవు, బళ్ళలో వ్యాయామానికి ఓఫియా సంస్థ పెట్టిన భద్రతా ప్రమాణాలు ముందు చదువుకో. దాని నియమం ఒకటి అరువు తెచ్చుకో: తనవాళ్ళు అవతలి జట్టులో ఒకణ్ణి ఔట్ చేస్తే, అంతకుముందు ఔటై బయటున్నవాడు బతికి లోపలికొస్తాడు. ఏ ముట్టుకునే ఆటకైనా ఇది తగిలించు. బయట ఉన్నవాడు కూడా గొంతు చించుకుని ఆటలోనే ఉంటాడు.

చలికాలంలో జిమ్ము నీకు దక్కని రోజులుంటాయి. ఏ అసెంబ్లీకో, కచేరీకో ఇచ్చేస్తారు. రోజుకి 20 నిమిషాల వ్యాయామం చేయించాలన్న నియమం 2005 నుంచీ ఉంది, దాన్ని లెక్కల పీరియడుకి ధారపొయ్యకు. డెస్కులు పక్కకి జరిపి చేయించు.

పిల్లల గురించి మాట్లాడడానికి మన తెలుగు తల్లిదండ్రులు ఇంటర్వ్యూకొస్తే లెక్కల గ్రేడే అడుగుతారు. రిపోర్ట్ కార్డులో గ్రేడ్లకన్నా ముందు కొలాబరేషన్ (కలిసి పనిచెయ్యడం) అని ఒక వరస ఉంటుంది, అది చూపించు. ఆ గడిలో ఏ అక్షరం వెయ్యాలో నీకు జిమ్ములో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

ఇంకో మాట. 1930లో మొదటి బ్రిటిష్ ఎంపైర్ గేమ్స్ ఈ హామిల్టన్‌లోనే జరిగాయి. ఊరికి ఆ గర్వం ఉంది, ఉండనీ. పతకాలు తెచ్చేవాళ్ళని తయారుచెయ్యడం మాత్రం మూడో గ్రేడు టీచరు పని కాదు.

వచ్చేవారం ఈలతో పాటు ఒక కాగితం కూడా జేబులో పెట్టుకో. ఆట జరుగుతుండగా బంతి ఒక్కసారైనా ముట్టుకోని పిల్లల పేర్లు రాసుకో. ఆదివారం భోజనానికొచ్చినప్పుడు ఎంతమందో చెప్పు, వాళ్ళకి ఏ ఆట పెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య