ఉప్పా, పంచదారా? రుచి చూడకుండా చెప్పే సైన్స్



ఖనిజాల పాఠం రాగానే చాలామంది పిల్లలు రంగునే గుర్తుపెట్టుకుంటారు. ఎర్రగా మెరిసే రాయిని చూపిస్తే వెంటనే 'రూబీ' అనేస్తారు. నిజానికి రంగును నమ్మి పెద్దవాళ్లే పొరబడ్డారు. బ్రిటన్ రాజకిరీటంలో ముందువైపు పొదిగిన 'బ్లాక్ ప్రిన్స్ రూబీ'ని వందల ఏళ్లు కెంపు అనే అనుకున్నారు. కానీ అది స్పినెల్ అనే వేరే ఖనిజం.

మరి ఎలా గుర్తుపట్టాలి? స్ఫటికం లోపల పరమాణువులు ఒక క్రమంలో పేర్చి ఉంటాయి. రంగు ఒకటే అయినా ఆ అమరిక వేరుగా ఉండొచ్చు. దాని ప్రభావం స్ఫటికం ఆకారంలోనూ, దానిగుండా వెలుగు వెళ్లే తీరులోనూ కనిపిస్తుంది. ఈ ఆదివారం మీ వంటింటి సరుకులతోనే పిల్లలకు ఇది చూపించండి.

మొదటి పరీక్ష: నల్ల కాగితం మీద కాస్త పొడి ఉప్పు, కాస్త పంచదార విడివిడిగా వేసి భూతద్దంతో చూడమనండి. ఉప్పు గింజలు చిన్న చిన్న ఘనాల్లా, అంటే లూడో పాచికల్లా ఉంటాయి. పంచదార గింజల అంచులు ఏటవాలుగా ఉంటాయి.

రెండో పరీక్ష: ఎల్‌సీడీ స్క్రీన్ ఉన్న ట్యాబ్‌లో తెల్లని పేజీ తెరిచి బల్ల మీద పెట్టండి. పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్‌లోంచి చూస్తూ, స్క్రీన్ నల్లగా కనిపించేదాకా అద్దాలను తిప్పండి. ఇప్పుడు స్క్రీన్ మీద పల్చని గాజు పలక పెట్టి రెండు రకాల గింజలూ వేయండి. ప్లాస్టిక్ వాడకండి, చాలా ప్లాస్టిక్‌లు కూడా వెలుగుతాయి. నల్లని స్క్రీన్ మీద పంచదార గింజలు మెరుస్తాయి. ఉప్పు మాత్రం దాదాపు నల్లగానే ఉండిపోతుంది.

కారణం ఇదీ. ఉప్పులో అమరిక పొడవు, వెడల్పు, ఎత్తు మూడు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి వెలుగు మారకుండా వెళ్లిపోతుంది. పంచదారలో అలా ఉండదు, అందుకే వెలుగు రెండుగా చీలుతుంది. ఈ విషయంలో స్పినెల్ ఉప్పు లాంటిది, కెంపు పంచదార లాంటిది. రంగు కలిసినా వెలుగు పరీక్షలో రెండూ విడిపోతాయి.

ప్రయోగం అయ్యాక పిల్లలను "ఇది ఏమిటి?" అని మాత్రమే అడిగి వదిలేయకండి. "నీకెలా తెలిసింది?" అని కూడా అడగండి. జవాబు ఆలస్యమైనా ఆగండి. మార్కుల కోసం పేర్లు బట్టీ పట్టొచ్చు కానీ, ఈ ప్రశ్నకు చూసినవాళ్లే జవాబు చెప్పగలరు.

ఒక జాగ్రత్త: బయట దొరికిన తెలియని రాళ్లను, పొడులను రుచి చూడనివ్వకండి.