తాటిపండు

శ్రావణ భాద్రపద మాసాలలో ఎన్టీఆర్ జిల్లా మైలవరం పరిసరాల చేలగట్ల వెంట నడిచేవారికి తాటిపండు కంటబడక ముందే ముక్కును చేరుతుంది. తీపి, పులుపు, పులిసిన కల్లు వాసన కలగలిసిన ఘాటైన గంధమది. ఒకరికది నోరూరించే పరిమళం. మరొకరికి తల తిప్పే కంపు. ఇంటిలో ఒక్క పండున్నా దాచడం అసాధ్యం.

భాగవత దశమస్కంధంలోని ధేనుకాసుర వధకు మూలం ఈ వాసనే. తాలవనం నుండి గాలి మోసుకువచ్చిన పండ్ల సౌరభానికి గోపబాలకుల మనస్సులు చలించాయి. గార్దభరూపుడైన అసురుడు ఆ వనాన్ని కాచుకొని ఉన్నాడని తెలిసి కూడ, ఆ పండ్లు కావాలని వారు రామకృష్ణులను వేడుకొన్నారు. బలరాముడు చెట్లను కుదిపి పండ్లు రాల్చాడు. ఆ చప్పుడుకు పైబడిన ధేనుకుని కాళ్ళు పట్టి గిరగిర త్రిప్పి తాటిచెట్టు మీదికే విసరివేశాడు. పోతన తెలుగు చేసిన ఈ ఘట్టంలో పిల్లల తెగింపు తాటిపండు వాసన ఎరుగని పాఠకునికి వింతగా తోచవచ్చు, ఎరిగినవానికి తోచదు. కాకి వాలడం, పండు రాలడం ఒకేసారి జరగడాన్ని ‘కాకతాళీయం’ అన్న పూర్వులకు కూడ ఈ పండు సుపరిచితమే.

నల్లని తొక్క ఒలిస్తే పీచుతో పెనవేసుకొన్న నారింజరంగు గుజ్జు కనిపిస్తుంది. పండును నిప్పులపై కాల్చి, టెంకను చేతబట్టి పీచును చీకుతారు. మొదట తీపి, వెనువెంటనే చేదు. ఫ్లాబెల్లిఫెరిన్లు అనే పదార్థాలు ఆ చేదుకు కారణం. గోదావరి సీమలో గుజ్జుకు బియ్యపురవ్వ, బెల్లం, కొబ్బరి చేర్చి రొట్టె కాలుస్తారు. వంగదేశీయులు వడలుగా వేయిస్తారు.

అయితే వేసవిలో ముంజెల కోసం గెలలన్నీ దింపితే శ్రావణానికి పండేందుకు కాయ మిగలదు. కాయలు కాచేది ఆడచెట్టే. అది కాపుకు రావడానికి 12 ఏండ్లకు పైగా పడుతుంది. పండు రాలనిదే టెంక లేదు. టెంక లేనిదే శీతకాలపు తేగలు లేవు, కొత్త చెట్టూ లేదు. పొలాలు ఇండ్ల స్థలాలైన చోట గట్ల మీది తాళ్ళు ముందుగా గొడ్డలికి గురవుతున్నాయి. విజయవాడ వీధులలో ముంజెలు బండ్ల మీద అమ్ముతారు. పండు అంగడికి రావడం అరుదు. రాలిన ఉదయం ఎవరు ముందు చెట్టు క్రిందికి చేరితే వారిదే.

కఠిన పదాలు: సౌరభం = సువాసన; గార్దభం = గాడిద; తాలవనం = తాటితోపు.