ఇవాళ టీచరు నువ్వే, అమ్మ స్టూడెంటు

దుబాయ్ కరామాలోనో షార్జా అల్ నహ్దాలోనో ఏ తెలుగింటి అమ్మని కదిపినా అరబిక్ హోంవర్క్ దగ్గర నిట్టూరుస్తుంది. "లెక్కలైతే నేనే చెప్తానక్కా, అరబిక్‌లో నాకు అక్షరమ్ముక్క రాదు. ట్యూషన్ పెట్టక తప్పేలా లేదు." నిజమే, ఎమిరేట్స్ ప్రైవేటు స్కూళ్లలో అరబ్బులు కాని పిల్లలకీ తొమ్మిదో తరగతి దాకా అరబిక్ తప్పనిసరి. కానీ చెల్లీ, నీకు రాకపోవడమే నీ పిల్లకి మేలు చేస్తుందంటాను నేను.

సాయంత్రం ఓ పావుగంట దాన్ని టీచర్ని చెయ్యి. నోట్‌బుక్ పట్టుకుని నువ్వు కింద కూర్చో. అలవాటుకొద్దీ ఎడమవైపు మొదలుపెడతావా, "అమ్మా, కుడి నుంచి!" అని అక్కడే పట్టేస్తుంది. 'బా'కి కింద ఒక చుక్క, 'తా'కి పైన రెండు, ఆ తర్వాతి అక్షరానికి మూడు. నువ్వు చుక్క తప్పు పెడితే ఎర్రపెన్ను తీస్తుంది. దిద్దాలంటే ముందు తనకి గుర్తు రావాలి కదా! పేజీల కొద్దీ చూసి రాసినా రాని పట్టు అక్కడ వస్తుంది. మాటలు కుడి నుంచి చదివి, అంకెలు మాత్రం ఎడమ నుంచి ఎందుకు చదువుతారని అడుగు, ఎంత గర్వంగా చెబుతుందో చూడు.

విసుగొస్తే బకాలా (కిరాణా కొట్టు) ఆట. అది కొట్టువాడు, నువ్వు భాష రాని బేరం. ఫ్రిజ్‌లోని లబన్ సీసా, పాల డబ్బా చాలు, వాటి మీద అరబిక్ ఎలాగూ ఉంటుంది.

నేర్పితే తనకే బాగా వస్తుందన్నది నా ఊహ కాదు. జర్మనీలో జాఁ పోల్ మార్టిన్ అనే ఫ్రెంచ్ టీచరు 1980లలోనే పాఠాలు పిల్లలచేత చెప్పించాడు. బెట్టీ అనే కంప్యూటర్ బొమ్మకి నేర్పాలని చదివిన పిల్లలు తమకోసం చదువుకున్నవాళ్లకన్నా ఎక్కువ నేర్చుకున్నారని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2009లో రాశారు.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో. రానట్టు నటించకు, పెద్ద పిల్లలు ఇట్టే కనిపెట్టి చిన్నబుచ్చుకుంటారు. నీకు నిజంగా తెలియనిదే అడుగు. గొంతులోంచి పలికే అక్షరాల మీద అనుమానమొస్తే "రేపు మీ టీచర్ని అడిగొచ్చి నాకు నేర్పు" అను. ఆట మధ్యలో మళ్లీ అమ్మవైపోయి గదమాయించకు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటుంది. నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే అది తెలుగులోనే చెప్పాలి. అరబిక్ వంకన తెలుగూ నోట్లో ఆడుతుంది. స్పానిషో ఫ్రెంచో తీసుకున్న పిల్లలకీ ఇదే ఆట.

ట్యూషన్‌కి డబ్బు కట్టేముందు ఒక్క నెల ఆడి చూడు చెల్లీ. మీ ఇంటి టీచరమ్మ నీకు ఎన్ని మార్కులు వేసిందో మాకు రాయి.