కత్తిపిడి మీది చెక్కడము



2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను మన పలాస ప్రాంతమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి తోటలను, జీడి తోటలను నేలగూల్చిన సంగతి మీరు పెద్దలవలన వినియున్నారు. ఆ గాలికి కప్పు లేచిపోయిన యొక యింటి అటుకమీద పాత పెట్టె యొకటి బయటపడెను. అందులోని వస్తువు నొకదానిని కొంతకాలమునకు ఒక విద్యార్థి నాకు చూపుటకై తెచ్చెను. అది జానెడు పొడవుగల గంటము. ఒక కొన వ్రాయు ములుకు. రెండవ కొన ఆకు కోయు చిన్న కత్తి. నడుమ ఇత్తడి పిడి. పిడి చుట్టును ఒక తీగ చెక్కబడి యున్నది. అయితే ఆ తీగ సగము దూరము ప్రాకి మాయమైనది. కారణ మడుగగా, మాస్టారికి చూపవలసిన వస్తువు గదా యని ఇంటివారు దానిని చింతపండుతోను ఇసుకతోను తళతళలాడునట్లు తోమి పంపిరని తెలిసెను. అంతకు ముందే పాత సామానులు కొనువాడు దానిని తూకమునకు అడిగిపోయెనట.

ఆ పోయిన సగము తీగయే ఈ పాఠమునకు కారణము.

మన పూర్వులు తాటియాకులను ఆరబెట్టి, నునుపు చేసి, గంటముతో గీచి, ఆ గీతలలో మసి పూసి చదువుకొనెడివారు. ఆకుల యంచులు సరిచేయుటకు కత్తియు కావలెను గనుక, గంటమును కత్తిని ఒక్క పిడికే అమర్చుకొనుట దక్షిణ దేశమున వాడుకలో నుండెను. కొన్నిటిలో ఆ రెండును చాకువలె పిడిలోనికి మడుచుకొనును. (ఉద్దానమున తాళ్లకు కొదువ లేదు, కాని తాటిముంజెలకున్న గౌరవము తాటియాకునకు మన యిండ్లలో నేడు లేదు.)

చెక్కడ మనగా గీయుట కాదు, లోహమును తీసివేయుట. పనివాడు గట్టి ఉక్కు చీరణమును లోహముమీద వాలుగా నిలిపి, అరచేతితో త్రోయును, లేదా చిన్న సుత్తితో మెల్లగా తట్టును. ముందర సన్నని లోహపు తునుక చుట్టుకొని లేచును. వెనుక కోణాకారమైన చాలు మిగులును. లోతుగా పోయినచోట గీత వెడల్పగును. చేయి తేలికయైనచోట సన్నగిలును. ఎఱ్ఱగా కాచి ముంచి గట్టిపఱచిన కత్తి యలుగుమీద చీరణము సులభముగా దిగదు. అందుచేత అలుగును చెక్కువారు గట్టిపఱచుటకు ముందే చెక్కుదురు. తక్కినవారు మెత్తని ఇత్తడి పిడిని ఎన్నుకొందురు.

ఇక చూచుట యెట్లు? పట్టపగటి వెలుతురున కత్తిని తిన్నగా చూచిన ఏమియు కనబడదు. కిటికీ ప్రక్కన నిలిచి, వెలుగు వాలుగా పడునట్లు పట్టి, వ్రేళ్లతో మెల్లగా త్రిప్పుడు. చేతిచెక్కడమైనచో చాలుయొక్క ఒక ప్రక్క మెఱసి, త్రిప్పగా రెండవ ప్రక్క మెఱయును. ఆమ్లముతో తినిపించిన గీతకు అడుగు చదునుగను గరుకుగను నుండును. అచ్చుతో కొట్టిన ఆకులన్నియు ఒక్క తీరుగా నుండును. నేటి లేజరు యంత్రము కాల్చిన గీత మొదటినుండి చివరవరకు సాధారణముగా ఒకే లోతున పోవును. చేతిపనిలో ఏ రెండాకులును ఒకటి కావు. అయినను రెండును ఒకే చేతివని తెలియును. వంపులను జాగ్రత్తగా చూడుడు. చేయి తడబడినచోట వంపు విఱిగి మూల తేలును. తరువాత ఖాళీస్థలమును చూడుడు. పిడియంతయు నింపివేయుట గొప్పపని యని నేను తలంపను. ఎక్కడ ఆగవలెనో తెలిసినవాడే నిపుణుడు. కడపట దానిని చేతబట్టి చూడుడు. అరచేయి ఒరసుకొనునట్లు చెక్కిన పిడి యెంత యందముగా నున్నను కత్తిపిడి కాదు.

అలుగుమీద కనబడు ప్రతి చిత్రమును చెక్కడము కాదని కూడ మఱవవలదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున పూర్వము చేయబడిన ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చెడివారు. అట్టి ఉక్కుతో చేసిన కత్తులమీద నీటి యలలవంటి జాడలు కనబడును. అవి పైన గీచినవి కావు, ఉక్కులోపల పుట్టినవి.

మంచి చెక్కడమునకు మన ప్రాంతము క్రొత్తది కాదు. టెక్కలిలోను సంతబొమ్మాళిలోను గంగరాజుల తామ్రశాసనములు దొరికినవి. సంతబొమ్మాళిలో దొరికిన ఇంద్రవర్మ శాసనము గంగశకము 87వ సంవత్సరమునాటిది. ఆ శకము క్రీ.శ. 498 ప్రాంతమున ఆరంభమైనదని పలువురి మతము. గంగుల శాసనములు కొన్నిటి చివర చెక్కిన అక్షశాలి పేరు కూడ కలదు. అక్షశాలి యనగా కంసాలి. రాజు పేరుతోపాటు పనివాని పేరును నిలిచినది! నిర్గమకాండమున ప్రధానయాజకుని భుజములపై నుంచిన రెండు రాళ్లమీద పండ్రెండు గోత్రముల పేళ్లు చెక్కించిరని మీరు చదివితిరి. ఆ పనిలో నేర్పరియైన బెసలేలు పేరును గ్రంథము విడువలేదు. తామ్రశాసనములలో నాకు మిక్కిలి నచ్చినది మఱియొక సంగతి. ఒక రేకు మఱియొక రేకును ఒరసి అక్షరములు అరగకుండ, పెక్కు రేకులకు అంచులను కొంచెము పైకి లేపియుంచిరి. ఆ పనివాండ్రు రాపిడికి భయపడిరి. మనమో, ఇసుకతో తోముచున్నాము.

చెక్కిన చాలు లోతు వెండ్రుకవాసి మాత్రమే. ఇసుకతో తోమినప్పుడెల్ల అంచు కొంత అరగును; చింతపండు పులుపు చాలులోని నలుపును తీసివేయును. ఆ నలుపు మురికి కాదు. గీతను కంటికి చూపునది అదియే. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడుచుట చాలును. ఉక్కు భాగమునకు కుట్టుమిషను నూనె పలుచగా రాచినచో త్రుప్పు పట్టదు.

ఆ బాలునకు భూతద్ద మిచ్చి మిగిలిన తీగను చూడుమంటిని. పదునొకండు ఆకులు లెక్కించెను. ఏడవ యాకు కడ చీరణము జాఱి, సన్నని గీటు ఒకటి ప్రక్కకు పోయియున్నది. పనివాడు దానిని చెఱిపివేయలేక, ఆ గీటునే కాడగా చేసి, చివర ఒక మొగ్గను చెక్కెను. బాలుడు దానిని నాకంటె ముందే కనిపెట్టెను. గంటమును తన చొక్కా చెఱగున చుట్టుకొని ఇంటికి గొనిపోయెను.